మందేసుకున్నావా అంటే అవుననే చెబుతాను

మా అమ్మ వేళ్ళ కొసలు నల్లగా, కాలిన తోలులా గట్టిగా ఉంటాయి. పన్నెండో ఏట మొదలుపెట్టి నలభై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టింది. పిక్క పెంకులోని సొన ఒంటి మీద పడితే కాలుస్తుంది. బొబ్బ లేచి తోలు ఊడి, మళ్ళీ వచ్చే తోలు నల్లగా వస్తుంది. ఆముదమో బూడిదో చేతులకి పట్టించుకుని కూచుంటారు గానీ, సొన ఎక్కడో ఒకచోట దారి చూసుకుంటుంది. మా వైపు ఆ చేతులు చూసి ఏం జబ్బని ఎవరూ అడగరు. జీడి పని చేసిన మనిషని తెలిసిపోతుంది, అంతే.

నా తొడ మీద మచ్చలకి అలాంటి గుర్తింపు లేదు. వాటిని చూసిన ప్రతివాళ్ళూ తమకు తెలిసిన జబ్బు పేరొకటి పెట్టారు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆస్పత్రి కాగితాల మీద ఇంగ్లీషు. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. రోజూ బస్సెక్కి టెక్కలి దగ్గర ఒక జీడి ఫ్యాక్టరీకి వెళ్ళి లెక్కలు రాస్తాను. 2015లో ఒకరోజు చిట్టా పుస్తకంలో ఎడమ పేజీ మసకబారింది. పుస్తకం తిప్పినా మసక ఎడమవైపే ఉండేసరికి తప్పు కంటిదని అర్థమైంది. గుణుపూర్ ప్యాసింజరు ఎక్కి విశాఖ వెళ్ళాం. స్కాను తీశారు, వెన్నులోంచి నీరు తీశారు. చివరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీదుండే మైలిన్ పొర మీద పడి కొరికేస్తుందట. పూర్తిగా నయం చేసే మందు లేదు, దాడుల్ని తగ్గించే మందులున్నాయి. ఎం.ఎస్. అని చెబితే మా షావుకారు "సుబ్బులక్ష్మి గారిదా?" అన్నాడు. వెటకారం కాదు, ఆయనకి తెలిసిన ఎం.ఎస్. ఆవిడే.

మొదట రాసింది గ్లాటిరమర్ సూది, ఇరవై మిల్లీగ్రాములు, రోజుకొకటి. నాకు నేనే చర్మం కింద పొడుచుకోవాలి. ఈ మందు పుట్టిన కథ నాకు భలే నచ్చుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మైకేల్ సెలా, రూత్ ఆర్నాన్, ద్వోరా టైటెల్‌బామ్ అనే శాస్త్రవేత్తలు నాలుగు అమైనో ఆమ్లాలు కలిపి, మైలిన్‌లోని ప్రోటీనును పోలిన పదార్థం ఒకటి తయారుచేశారు. దాంతో జంతువులకి ఈ జబ్బులాంటిది తెప్పించి పరిశీలిద్దామనుకుంటే, అది జబ్బును తెప్పించకపోగా ఆపింది. గ్లుటామిక్ ఆమ్లం, లైసిన్, అలనిన్, టైరోసిన్, ఈ నాలుగింటి తొలి అక్షరాలే 'గ్లాట్'. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది.

దీని దుష్ఫలితాల్లో అన్నిటికంటే మామూలుది సూది పడ్డచోట చర్మం తిరగబడటం. పొడిచిన పది నిమిషాలకి చందమామలా గుండ్రంగా కందుతుంది. తర్వాత కదుము కడుతుంది, ఆ పైన దురద. డిశ్చార్జి కాగితంలో వీటికి 'ఎరిథిమా', 'ఇండ్యురేషన్' అని రాశారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊళ్ళో పుట్టినవాణ్ణి, కందింది, గట్టిపడింది అనే చెబుతాను.

నేర్పిన నర్సమ్మ ఓపికమంతురాలు. ఏడు చోట్లు చూపించింది: రెండు జబ్బలు, రెండు తొడలు, రెండు పిర్రలు, పొట్ట. వారానికి ఒక్కో చోటు ఒక్కసారే రావాలంది. ఫ్రిజ్‌లోంచి తీశాక ఇరవై నిమిషాలైనా బయట ఉంచాలి, పొడిచాక ఆ చోటు రుద్దకూడదు, మంటుంటే గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకోవాలి. అన్నీ చీటీ మీద రాసుకున్నాను. ఒక వారం పాటించాను కూడా.

తర్వాత జరిగిందేమిటంటే, మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అమ్మ, మా పాప. ఇంకో గదిలో మేం, బీరువా, ఫ్రిజ్. పిర్ర మీద నాకు నేను పొడుచుకోవాలంటే అద్దం కావాలి, తలుపు గడియ కావాలి. జబ్బ మీద పొడవాలంటే చొక్కా విప్పాలి, ఎడంచేయి పనిచేయాలి. లుంగీ కట్టుకున్నవాడికి తొడ అందినంత సులువుగా ఇంకేదీ అందదు. కాబట్టి కుడి తొడ, ఎడమ తొడ, కుడి తొడ, ఎడమ తొడ. దాదాపు నాలుగేళ్ళు.

రెండో ఏడాది కుడి తొడలో ఒకచోట నొక్కితే వేలు లోపలికి దిగింది. చర్మం కింద కొవ్వు కరిగిపోయి పల్లం పడటాన్ని లైపోఆట్రఫీ అంటారు. ఎరుపు తగ్గుతుంది, కదుము కరుగుతుంది, ఈ పల్లం మాత్రం ఒకసారి పడితే సాధారణంగా పూడదు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ పొడిచేకొద్దీ ముప్పు ఎక్కువని తర్వాత చదివాను. నర్సమ్మ ఏడు చోట్లు ఎందుకు చెప్పిందో కూడా అప్పుడే తెలిసింది.

ఇది ఫోన్లో మా మేనత్తకి చెబుతూ "తొడ మీద గుంటలు పడ్డాయత్తా" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. మా శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల కదా, ఆవిడకి సగమే వినబడింది. "మళ్ళీ గుంటేనేటిరా? పోనీలే, లచ్చిందేవి" అంది. మా ఆవిడ ఆ రాత్రంతా నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత మా పాప ఆ పల్లాల్లో చింతపిక్కలు పెట్టి లెక్కపెట్టే ఆట కనిపెట్టింది. ఏడు పట్టాయి.

నవ్వు రానిది ఆశా దీదీ, అంటే మా వీధి ఆరోగ్య కార్యకర్త, వచ్చిన రోజు. మా జిల్లాల్లో కుష్ఠు కేసుల కోసం ఇంటింటికీ తిరిగి చూస్తారు, మంచి పని. ఆవిడ గుమ్మంలో కూచుని ఒడియా కలిసిన తెలుగులో వరసగా అడుగుతోంది. "అన్నా, ఒంటి మీద దాగలేమైనా ఉన్నాయా?" దాగలంటే మచ్చలు. ఉన్నాయి, తొడల మీద. "ఎక్కడైనా మొద్దుబారిందా, తాకితే తెలీకుండా?" బారింది, కుడి మోకాలి కింద. ఆవిడ పెన్ను ఆగిపోయింది. నేనూ బుర్ర లేకుండా ఉన్నదున్నట్టు జవాబు చెప్పేశాను. పక్కింటివాళ్ళు గోడ అవతలే ఉన్నారు.

ఆవిడ తప్పేం లేదు. మచ్చ, స్పర్శ లేకపోవడం, ఈ రెండూ కలిస్తే అనుమానించమని నేర్పారు. కుష్ఠులో స్పర్శ పోయేది ఆ మచ్చలోనే, చర్మంలోని నరాలు దెబ్బతినడం వల్ల. నా మచ్చలు సూదివి, వాటి మీద పెన్ను మొన పెడితే నాకు చక్కగా తెలుస్తుంది. మొద్దుబారిన కాలి మీద మచ్చే లేదు, అక్కడ పాడైంది వెన్నుపాములోని నరం. ఇదంతా చెప్పి, సూదిమందు డబ్బా తెచ్చి చూపించి, విశాఖ కాగితాలు చూపించాను. ఆవిడ ఓపిగ్గా విని, పెన్ను మొనతో తొడ మీద నాలుగుచోట్ల తాకి, కళ్ళు మూసుకుని ఎక్కడో చెప్పమని అడిగి, ఫారంలో 'లేదు' అని రాసుకుంది. ఫారం తేలిపోయింది. గోడ అవతల తేలలేదు. నెల తిరిగేలోపు మా అమ్మని వీధి కుళాయి దగ్గర ఎవరో "మీ వోడికి పెద్దరోగమటగా" అని అడిగారు. మా అమ్మ తన చేతులు చాపి "ఇదేటి రోగం మరి?" అందట. ఆవిడకి కోపమొస్తే అంతే, తక్కువ మాటలు.

(2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, కుష్ఠు నయమైనవాళ్ళూ ఉన్నారు. చట్టం మమ్మల్ని ఒకే వరసలో కూచోబెట్టింది. ఆ వరసలో నాకేం సిగ్గు లేదు. కుళాయి దగ్గర అడిగిన తీరుతోనే నా పేచీ.)

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. మా జిల్లాలో చెట్టన్నది నిలవలేదు, కొండలు విరిగిపడ్డాయి. కరెంటు పోయి రోజులు గడుస్తున్నాయి. ఫ్రిజ్‌లో పద్దెనిమిది సూదులు. నేను ఐసు కోసం తిరగని చోటు లేదు. చేపలు అమ్మే ఆయన దగ్గర గడ్డ ఒకటి దొరికితే, చేపల వాసనతోనే తెచ్చి థర్మోకోల్ పెట్టెలో పోశాను. ఆ తర్వాత డబ్బాలోని కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. పదిహేను నుంచి ముప్ఫై డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా, నెలరోజుల దాకా బయట ఉండొచ్చని అందులో రాసి ఉంది. మూడేళ్ళ నుంచీ ఆ కాగితం అక్కడే ఉంది!

ఆ డిసెంబరులోనే ఇంకో సంగతి. సూది వేసుకుని లుంగీ దించుకున్నానో లేదో, మెడ నుంచి ముఖం దాకా భగ్గుమంది. గుండె దడ, రొమ్ము మీద బండ పెట్టినట్టు, ఊపిరి అందదు. మా ఆవిడ ఆటో పిలిచింది. గుండెపోటే అనుకున్నాను, పాప ఫీజు కట్టానా లేదా అని ఆలోచన. ఆటో ఆస్పత్రి గేటు దాటుతుండగా అంతా దిగిపోయింది, ఎవరో స్విచ్చి కట్టేసినట్టు. ఈ మందు వేసుకునేవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందనీ, ఎక్కువగా పావుగంటలో దానంతటదే పోతుందనీ డాక్టరుగారు ఫోన్లో చెప్పారు. ఇన్నాళ్ళూ ఇది తలుచుకుని నవ్వుకునేవాణ్ణి. 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే మందు కాగితంలో, చుట్టూ గీత గీసి వేసే గట్టి హెచ్చరిక ఒకటి చేర్చింది. అరుదుగా ప్రాణాంతకమైన అలర్జీ, అంటే అనఫిలాక్సిస్ రావచ్చు, మొదటి సూదికైనా, ఏళ్ళ తరబడి వాడాకైనా. మొదట్లో రెండింటి లక్షణాలూ ఒకేలా ఉండొచ్చు. తగ్గకుండా ముదురుతున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, గొంతు బిగిసినా పావుగంట లెక్కపెడుతూ కూచోకూడదు. అప్పుడు మా ఆవిడ ఆటో పిలవడమే సరైన పని, నా నవ్వు కాదు.

ఇక చెప్పడానికి ఇష్టంలేని భాగం. 2019 వానాకాలం నుంచి సూది ఎగ్గొట్టడం మొదలుపెట్టాను. మొదట ఆదివారాలు, తర్వాత రోజు విడిచి రోజు. పొడవడానికి తొడలో మెత్తని చోటు మిగల్లేదు. గట్టిపడిన చోట పొడిస్తే ప్రాణం పోయేది, పల్లంలో పొడవకూడదు. జబ్బకి మారొచ్చు కదా అంటారేమో. పొట్టి చేతుల చొక్కాలు వేసుకునే ఊరు మాది, ఫ్యాక్టరీలో యాభైమంది ఆడవాళ్ళు చూస్తారు, పెద్దరోగం మాట అప్పటికే గాల్లో ఉంది. సూదిమందుని బాత్రూము తూములోకి పిచికారీ చేసి, వేసుకున్నానని చెప్పేవాణ్ణి. ఒక్కో సూదికీ ఎంత డబ్బో తెలిసి మరీ.

వాడిన సూదులు పాత హార్లిక్స్ సీసాలో వేసేవాళ్ళం. ఖాళీవి సీసాలో వేస్తే అనుమానం రాదని నాకు తట్టనేలేదు. దొంగకి ఉండాల్సిన తెలివి లేదు, డబ్బాతో సహా ఫ్యాక్టరీ చెత్తలో పడేసేవాణ్ణి. నవంబరులో మా ఆవిడ ఆ సీసా పట్టుకుని వచ్చి నిలబడింది.

"సీసా నిండట్లేదేటి బావా?"

అంతే అడిగింది. నేను తుపాను గురించి ఏదో మాట్లాడాను.

2020 జనవరిలో బస్సు దిగి నడుస్తుంటే వెనకనుంచి ఎవరో పిలిచి చెప్పు చేతికిచ్చారు. కుడికాలి చెప్పు ఊడిపోయిన సంగతే నాకు తెలీలేదు. మర్నాటికి కాలు ఈడుస్తున్నాను. మందు ఎగ్గొట్టినందుకే ఇలా అయిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు, సక్రమంగా వేసుకునేవాళ్ళకీ దాడులు వస్తాయి. కానీ నాకు ఆ సందేహపు లాభం తీసుకునే మొహం లేదు. విశాఖలో ఐదు రోజులు, రోజుకో గ్రాము చొప్పున స్టెరాయిడ్ ఎక్కించారు. నోట్లో ఇనప చేదు, నలభై దాటిన ముఖం మీద ఇంటరు కుర్రాడిలా మొటిమలు.

అప్పుడు డాక్టరుగారు అడిగారు, మందు ఎందుకు మానేశారని. సమాధానం చెప్పలేక పంచె పక్కకి తీసి తొడ చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి వంగి చూశారు. నాలుగేళ్ళలో ఆరు నెలలకోసారి ఆయన నా మోకాలి మీద సుత్తితో కొట్టారు, కళ్ళలో లైటు వేశారు, గీత మీద నడిపించారు. ఆ సుత్తి పడే మోకాలికీ ఈ గుంటలకీ మధ్య జానెడు దూరం. ఆయన అడగలేదు, నేను చూపించలేదు. పంచె కట్టుకోవడమూ, జానెడు పైకి లాగకపోవడమూ, రెండూ నా పనే కాబట్టి ఎక్కువ వాటా నాదే. అయినా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కాలేయం గురించీ, ఇన్‌ఫెక్షన్ల గురించీ చాలా భయపెట్టారు. నాచేత మందు మాన్పించింది అవేవీ కావు, ఏడు గుంటలు.

"ఇది ముందే చెబితే అప్పుడే మార్చేవాళ్ళం" అన్నారాయన. మార్చారు. డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూళ్ళు, మా ఇంట్లో వాటినీ బిళ్ళలనే అంటాం. మొదటి వారం రోజుకి రెండుసార్లు 120 మిల్లీగ్రాములు, తర్వాత 240. తెల్లకణాల్లో లింఫోసైట్లనే రకం పడిపోతోందేమో చూడటానికి రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి.

ఈ బిళ్ళ కూడా చర్మంతోనే మాట్లాడుతుంది. వేసుకున్న అరగంటకి ముఖం, చెవులు, మెడ మిరపపండులా ఎర్రబడి సెగలు కక్కుతాయి. వందలో సుమారు నలభైమందికి ఇలా అవుతుంది, చాలామందికి కొన్ని వారాలకి తగ్గుతుంది. తమాషా ఏమిటంటే ఈ మందు మూలం చర్మానిదే. ష్వెకెండీక్ అనే జర్మన్ రసాయనవేత్తకి సోరియాసిస్ ఉండేది. 1959లో ఆయన ఫ్యూమరిక్ ఆమ్లపు మందుల్ని తన ఒంటి మీదే ప్రయోగించుకున్నాడు. 1994లో జర్మనీలో సోరియాసిస్‌కి దీంతో చేసిన మందు వచ్చింది. 2013లో అమెరికాలో మా జబ్బుకి అనుమతించారు. చర్మం బాగుచేసుకుందామని ఒకాయన మొదలుపెట్టిన మందు నా చర్మాన్ని ఎర్రజేస్తోంది. సరే, గుంట పడకపోతే చాలు.

ఉదయం ఏడింటికి బిళ్ళ, ఏడూ ఇరవైకి బస్సు. మొదటిరోజు పాతపట్నం దాటుతుండగా ఎర్రబడ్డాను. పక్క సీటాయన నన్ను పైకీ కిందకీ చూసి అడిగాడు.

"ఏటి బాబూ, పొద్దున్నే మందేసుకున్నావా?"

"ఔనండి" అన్నాను. అబద్ధం కాదు కదా.

ఆయన ముక్కు మీద తువ్వాలు వేసుకుని వెనక సీటుకి వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి షావుకారు దాకా కబురెళ్ళింది, లెక్కలు రాసేవాడు తాగి వస్తున్నాడని. ఈసారి నేను గోడ అవతలకి వదల్లేదు. పెద్దరోగం మాటప్పుడు నోరు మూసుకుని ఏం బావుకున్నాను? మధ్యాహ్నం పప్పు వొలిచే షెడ్డులో అందరి ముందూ బిళ్ళ చూపించి, ఇది వేసుకుంటే ఇలా ఎర్రబడతాను, గంటలో పోతుంది, అంటదు అని చెప్పాను. పప్పు వొలిచే ఒకావిడ లేచి తన మోచేయి చూపించింది, సొన పడి కాలిన మచ్చ. ఇంకొకావిడ మెడ చూపించింది. అరగంట పని ఆగిపోయిందని షావుకారు విసుక్కున్నాడు.

కడుపు నిండా తిని వేసుకోమని డాక్టరుగారు చెప్పారు. నేను ఎండాకాలం ఒడియావాళ్ళలా పఖాళే తినేవాణ్ణి, నీళ్ళన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. దాని మీద బిళ్ళ వేస్తే ముఖం మండిపోయేది. గుడ్డో, నెయ్యి వేసిన పెసరట్టో, గుప్పెడు జీడిపప్పో కలిస్తే నాకు సగానికి సగం తగ్గింది. ఫ్యాక్టరీలో గుండు ఒక రేటు, బద్ద ఒక రేటు, ముక్క చవక. ముక్క తెచ్చుకుంటాను. అమ్మ పొద్దున్నే డబ్బాలోంచి తీసి నా పళ్ళెంలో వేస్తుంది. కొందరికి బిళ్ళకి అరగంట ముందు ఆస్పిరిన్ ఇస్తారు. నాకు కడుపులో పుండు ఉందని వద్దన్నారు, కాబట్టి అడక్కుండా మీరూ వేసుకోకండి.

మా తోటి రోగులం కొంతమందిమి ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటాం. రాయగడ ఆవిడకి ఫింగోలిమోడ్ అనే ఇంకో ఎం.ఎస్. మందు మీద ఉండగా నడుం చుట్టూ సర్పి లేచింది. ఇంట్లోవాళ్ళు ఎర్రమన్ను పూసి రెండు రోజులు కూచోబెట్టారు. ఆ మందు వాడేటప్పుడు హెర్పిస్ జాతి వైరస్‌లు రెచ్చిపోవచ్చు, సర్పికి వైరస్ మందు తొందరగా మొదలుపెట్టాలి. మన్ను పూసినా పూయకపోయినా ఆస్పత్రికి ఆ రోజే వెళ్ళాలి. చర్మ కేన్సర్ల కోసం కూడా ఆ మందు వాడేవాళ్ళు అప్పుడప్పుడు ఒళ్ళు చూపించుకోవాలి. జయపురం కుర్రాడికి టెరిఫ్లునోమైడ్ అనే మరో ఎం.ఎస్. మందుతో దువ్వెన నిండా జుట్టు వచ్చేది. పెళ్ళిచూపుల ముందు ఎంత కంగారు పడ్డాడో. కొన్ని నెలలకి రాలడం ఆగింది, పిల్ల కూడా ఒప్పుకుంది.

ఇప్పుడు ఆరు నెలలకోసారి డాక్టరుగారి గదిలోకి వెళ్ళగానే, ఆయన సుత్తి అందుకోకముందే పంచె పైకి తీస్తాను. పాత గుంటలు ఏడూ అలాగే ఉన్నాయి, కొత్తవి లేవు. మొదటిసారి ఆయన కంగారుపడ్డారు. ఇప్పుడు ఆయనే "ముందు తొడ చూద్దాం" అంటున్నారు.

ఎర్రబడటం మాత్రం పూర్తిగా పోలేదు, వారానికి రెండు మూడుసార్లు వస్తుంది. పాతపట్నం దాటాక చెవుల దగ్గర మొదలై, టెక్కలి వచ్చేసరికి దిగిపోతుంది. కండక్టరు టిక్కెట్టు చింపుతూ ముఖంలోకి చూసి "మందేనా?" అంటాడు. మందే అంటాను. కిటికీ పక్కనున్న కుర్రాణ్ణి లేపి నన్ను అక్కడ కూచోబెడతాడు.